చేతికివ్వకూడని కత్తి

నాలుగు వందల లోపు దొరికే మడత కత్తిని పది రోజులు పరీక్షించి, ఆ ఫలితాలను నోటుబుక్కులో రాసుకున్నవాడు మొత్తం కరీంనగర్‌లో నేనొక్కణ్నే అయ్యుంటాను. ఇందులో గొప్పేమీ లేదు. బుద్ధున్నవాడెవడూ ఆ పని చేయడు. నేను హైస్కూల్లో ఫిజిక్స్ చెప్పే పంతుల్ని. పంతులుకు పరీక్షలు పెట్టడం తప్ప ఇంకేం వస్తుంది? పిల్లలకు పెట్టీ పెట్టీ విసుగొస్తే కత్తికి పెడతాడు.

కత్తి నా కోసం కాదు. మా అక్క బెల్లంపల్లిలో కంపెనీ క్వార్టర్‌లో ఉంటుంది. మా పెద్దబావ, అంటే అక్క భర్త, ముప్పై ఏళ్లకు పైగా బాయిలో పనిచేశాడు. అక్కడ బొగ్గుగనిని బాయి అంటారు. ఆయనది లోపల పైకప్పు కూలకుండా దిమ్మలు నిలబెట్టే పని. ఆయన రిటైరవుతున్నాడని తెలియగానే చుట్టాలంతా శాలువాలూ గోడ గడియారాలూ కొన్నారు. నేనొక్కణ్నే కత్తి కొన్నాను. "తంబాకు కోసుకోవడానికి బావకు పనికొస్తుంది" అని ఇంట్లో చెప్పాను. అది సగం నిజం. మిగతా సగం చెప్పాలంటే ముప్పై ఏళ్లు వెనక్కి పోవాలి, నా ముఖం కాస్త దాచుకోవాలి.

అప్పుడు నేను డిగ్రీ చదువుతూ సెలవులకు అక్క ఇంటికి పోయాను. చిన్నబావ, అంటే పెద్దబావ తమ్ముడు, కూడా అదే ఇంట్లో ఉండేవాడు. నాదీ చిన్నబావదీ ఒకటే ఈడు, ఒకటే కంచంలో తినేంత దోస్తీ. పెద్దబావకు ఇత్తడి పిడి ఉన్న మడత కత్తి ఉండేది. వాళ్ల బాపుదట. బాయిలోకి బీడీ, అగ్గిపెట్టె తీసుకుపోనివ్వరు, దిగేముందు జేబులు తడిమి చూస్తారు. అందుకే ఆయన తంబాకు నమిలేవాడు. షిఫ్టుకు పోయేముందు గచ్చు మీద కూర్చొని, ఆ కత్తితో తంబాకు సన్నగా కోసి డబ్బీలో నింపుకొని, కత్తిని గూట్లో పెట్టి పోయేవాడు.

ఒకరోజు రేడియోలో క్రికెట్ వస్తోంది, బ్యాటరీలు అయిపోయాయి. మూత ఊడి రాలేదు. గూట్లో కత్తి తీసి, మొన దూర్చి ఎత్తాను. టప్పుమంది. మూత మూతలాగే ఉంది, కత్తి మొన మాత్రం నా ఒళ్లో పడింది. గబగబా మడిచేశాను. అంతలో చిన్నబావ ఎక్కడిదో మామిడికాయ పట్టుకొని వచ్చి "బావా, జర గా కత్తియ్యి" అన్నాడు.

మా దగ్గర కత్తిని ఒకరి చేతి నుంచి ఇంకొకరి చేతికి ఇవ్వరు. ఇస్తే ఇద్దరికీ కొట్లాటవుతుందంటారు. కింద పెడితే అవతలివాడు తీసుకోవాలి. మా అవ్వ ఎన్నిసార్లు మొత్తుకున్నా పట్టించుకోని నాకు, ఆ పద్ధతి సరిగ్గా ఆ రోజే గుర్తుకు రావాలా! మర్యాదగా గచ్చు మీద పెట్టాను. చిన్నబావ తీసుకున్నాడు, మడత విప్పాడు. అదే నిమిషంలో పెద్దబావ షిఫ్టు దిగి గడపలోకి వచ్చాడు.

"ఇరగ్గొట్టినవా?"

"నేను గాదన్నా! ఇప్పుడే తీసిన."

"మరెవలు?"

చిన్నబావ నావైపు చూశాడు. నేను స్టీలు గ్లాసుతో నీళ్లు తాగుతున్నాను. గ్లాసులో నీళ్లు అయిపోయాయి, అయినా తాగుతూనే ఉన్నాను. చెంపదెబ్బ చప్పుడు గ్లాసు వెనక నుంచే విన్నాను.

మర్నాడు పొద్దున చిన్నబావ కాగజ్‌నగర్ పోయి కాగితం మిల్లులో రోజు కూలీకి కుదిరాడు. తమ్ముణ్ని కంపెనీ ట్రైనింగులో చేర్పించాలని పెద్దబావ అప్పటిదాకా తిరుగుతున్నాడు. ఆ తిరగడం అక్కడితో ఆగింది. తర్వాతెప్పుడో మిల్లు మూతపడితే చిన్నబావ నాలుగేళ్లు ఆటో నడిపి పిల్లల్ని సాకాడు. అన్న ఇంటికి పెళ్లికో పేరంటానికో వస్తాడు, తింటాడు, చెయ్యి కడుక్కుంటాడు, సాయంత్రం బండికి వెళ్లిపోతాడు. ముప్పై ఏళ్లలో ఆ ఇంట్లో ఒక్క రాత్రి పడుకోలేదు. ఆ పుణ్యం నాదే. నాకు తప్ప ఇంకెవరికీ తెలియదు.

రిటైరైతే క్వార్టర్ ఖాళీ చేయాలి. ఆ గచ్చు ఉండగానే, ఆ గచ్చు మీదే నిజం చెప్పేయాలని నిర్ణయించుకున్నాను. నిర్ణయం వెనకాలే ధైర్యం రావాలి కదా, రాలేదు. దాని బదులు కొరియర్లో కత్తి వచ్చింది.

ఇవ్వబోయే కత్తి మంచిదో కాదో తెలుసుకోకుండా ఎలా ఇస్తాం? అందుకే పరీక్షలు. ఫోన్లో తెల్లదొరలు జేబు కత్తులను పరీక్షించే వీడియోలు ఇరవై దాకా చూశాను. వాళ్లు అడవుల్లో నిలబడి కట్టెలు చెక్కుతారు. నేను మా వంటింట్లో నిలబడి టమాటా కోశాను. టమాటా తెగలేదు, పగిలింది. గింజలు ఎగిరి కళ్లద్దాల మీద పడ్డాయి. మా ఇంటావిడ కత్తిపీట ముందు కూర్చొని చూస్తోంది.

"గదేంది, కోస్తున్నవా, పిసుకుతున్నవా?"

"పరీక్ష చేస్తున్న."

"ఇగ పాసైనట్టే. జరుగు, పొద్దుపోతుంది."

నోటుబుక్కులో 'మొదటి రోజు, టమాటా, సంతృప్తికరం కాదు' అని రాసుకున్నాను. రెండో రోజు ఉల్లిగడ్డ. ఉల్లిగడ్డ బాగానే తెగింది, వెంట నా బొటనవేలు కూడా తెగింది. దాన్ని 'పదును బాగుంది' అని రాశాను. మూడో రోజు సుతిలి తాడు, నాలుగో రోజు అట్టపెట్టె, రెండింటికీ నూటికి నూరు. అయిదో రోజు స్కూలుకు పట్టుకుపోయి స్టాఫ్‌రూమ్‌లో జామకాయ కోస్తుంటే హెడ్‌మాస్టరమ్మ చూసింది.

"సార్, మొన్న పిల్లగాని సంచిల బ్లేడు దొరికితే మీరే గద గంటసేపు క్లాసు పీకిన్రు? జర గది బీరువాల పెట్టుండ్రి."

పిల్లల దగ్గర గుంజుకున్న బ్లేడ్లూ గోళీలూ ఉన్న బీరువాలో నా కత్తి సాయంత్రం దాకా పడుంది. ఇంటిబెల్లు కొట్టాక పోయి రిజిస్టర్లో దస్తకతు పెట్టి తెచ్చుకున్నాను. పదో తరగతి పిల్లలు వరండాలో వరసగా నిలబడి చూశారు, ఒక్కడూ నవ్వలేదు. నవ్వినా బాగుండేది.

ఆరో రోజు అసలు పరీక్ష. తెరిచిన కత్తి దానంతటది మూసుకోకుండా పట్టి ఉంచే తాళం ఒకటి ఉంటుంది. అది గట్టిదో కాదో స్కూలు నుంచి వస్తూ బజారులో స్కూటరాపి చూశాను. చాలా గట్టిది. ఎంత గట్టిదంటే మళ్లీ మూసుకోలేదు. బజారు మధ్యలో తెరిచిన కత్తితో ఎంతసేపని నిలబడతాను? రుమాలు చుట్టి ప్యాంటు జేబులో పెట్టుకొని, స్కూటరెక్కి, ఒక తొడ మీద కూర్చొని ఇల్లు చేరాను. రుమాలు తెగింది, జేబు తెగింది, ఇంటి తాళంచెవులు దారిలో ఎక్కడో పడిపోయాయి. కత్తి పాసయ్యింది, ప్యాంటు ఫెయిలయ్యింది. ఆ రాత్రి గింజుకోగా గింజుకోగా కిటుకు తెలిసింది. తాళం పట్టీని నొక్కడమే కాదు, నొక్కి కాస్త ఎడమకు నెట్టాలి.

పదో రోజుకు నోటుబుక్కులో పదకొండు పేజీలు నిండాయి. పన్నెండో పేజీలో బావకు చెప్పాల్సిన మాటలు రాద్దామని కూర్చున్నాను. 'బావా' అని రాసి, కింద గీత గీసి, పడుకున్నాను. కత్తిలో లోపాలు వెతికినన్ని రోజులూ నా లోపం చూసుకునే పని తప్పింది. అంతకంటే సిగ్గుమాలిన పరీక్ష ఇంకోటి ఉండదు.

బావ రిటైరయ్యే రోజు పెద్దపల్లిలో రైలెక్కి బెల్లంపల్లి చేరేసరికి బాయి దగ్గర దండలూ ఫొటోలూ అయిపోయాయి. ఇంట్లో మటన్ ఉడుకుతోంది. చిన్నబావ అప్పటికే వచ్చి ఒక మూలన కూర్చున్నాడు. తల నెరిసింది. "మంచిగున్నవా బావా?" అన్నాడు. "మంచిగున్న" అన్నాను. ముప్పై ఏళ్లుగా మా ఇద్దరి మధ్యా నడిచే మాటలు అవే.

భోజనాలయ్యాక చుట్టాలు పల్చబడ్డారు. చిన్నబావ బయట నల్లా దగ్గర చెయ్యి కడుక్కుంటున్నాడు. నేను కత్తి తీసి పెద్దబావ ముందు గచ్చు మీద పెట్టి ఉపన్యాసం మొదలుపెట్టాను. టమాటా, సుతిలి తాడు, అట్టపెట్టె, తాళం. నోటుబుక్కు కూడా తీశాను. అక్క కొంగు అడ్డం పెట్టుకొని నవ్వుతోంది.

పెద్దబావ నవ్వలేదు. కత్తి తీసుకొని గోటితో రెండుసార్లు కొట్టి చెవి దగ్గర పెట్టుకున్నాడు. అది ఆయన అలవాటు. బాయిలో పైకప్పును కట్టెతో కొట్టి చూస్తారు. గట్టిదైతే ఖంగుమంటుంది, లోపల పగులుంటే డొల్లగా మోగుతుంది. డొల్లగా మోగితే దాని కింద నిలబడకూడదు. అలా కొట్టి కొట్టి ఆయన కొబ్బరికాయ నుంచి కొత్త బీరువా దాకా దేన్నీ వదిలిపెట్టడు.

"కత్తి సప్పుడు మంచిగనే ఉన్నది" అన్నాడు. "నీ మాటే డొల్లగ మోగుతుంది. గింత చెమటెందుకు పడుతుందిరా బామ్మర్ది? ఏమైంది?"

ఇంక నా చేతిలో గ్లాసు కూడా లేదు.

"బావా, గా ఇత్తడి కత్తి ఇరగ్గొట్టింది నేను" అన్నాను. "చిన్నబావ గాదు. నేను."

అక్క నవ్వు ఆగిపోయింది. పెద్దబావ చాలాసేపు తన కుడిచెయ్యి వైపే చూసుకున్నాడు. తర్వాత "వాన్ని కొట్టిన గదరా" అన్నాడు. మళ్లీ అదే మాట అన్నాడు. "ఉత్తపుణ్యానికి కొట్టిన గదరా వాన్ని." నన్ను కొట్టినా బాగుండు అనిపించింది.

"తమ్మీ! ఇటు రా."

చిన్నబావ తడి చేతులు తువ్వాలకు తుడుచుకుంటూ వచ్చాడు. నేను మళ్లీ మొత్తం చెప్పాను. రేడియో, బ్యాటరీల మూత, మొన, గచ్చు. రెండోసారి చెప్పడం సులువేమీ కాదు. పెద్దబావ అందుకొని "తప్పు నాది తమ్మీ. అడగకుంటనే చెయ్యి లేపిన" అన్నాడు.

చిన్నబావ గోడ మీది కొత్త గడియారం చూశాడు. బండికి టైమవుతోంది.

ఏం చేయాలో తోచక కత్తి తీసి ఆయన వైపు చాచాను. అక్క కేకేసింది. "కింద పెట్టురా! చేతికియ్యకు, కొట్లాటైతది!"

"కానియ్యి అక్కా" అన్నాను. "గా దినం కిందనే పెట్టిన గదా. ఎవలు తీస్తే వాళ్ల మీద పడ్డది. గిప్పుడు చేతికే ఇస్త."

చిన్నబావ కాసేపు కత్తిని చూసి, నన్ను చూసి, చేతిలోంచే తీసుకున్నాడు.

అవ్వ చెప్పింది అబద్ధం కాదు. కొట్లాటయ్యింది. "ముప్పై ఏండ్లకు నోరొచ్చిందా బావా నీకు?" అని మొదలుపెట్టాడు. "నేను గాదు, నేను గాదు అని ఎంత మొత్తుకున్న! నువ్వేమో నీళ్లు తాగుతున్నవ్. గా గ్లాసు సుత యాదికున్నది నాకు. అండ్ల నీళ్లు లేవని సుత తెలుసు!" అక్కణ్నుంచి నా పెళ్లికి వచ్చి మూలన కూర్చొని తిన్నది, మిల్లు మూతపడ్డప్పుడు ఫోన్ చేస్తే నేను పరీక్ష పేపర్లు దిద్దుతున్నానన్నది, పంతులు కొలువు, నా పొట్ట, నా కళ్లద్దాలు, అన్నీ వచ్చాయి. మధ్యలో అన్నవైపు తిరిగి ఆయన్నీ కాసేపు దులిపేశాడు. ముప్పై ఏళ్లుగా ముభావంగా ఉన్న మనిషి ఇంత మాట్లాడగలడని నాకు తెలియదు.

మాటల ఊపులో కత్తి తెరిచి ఆడిస్తున్నాడు. ఒకచోట ఊపిరి తీసుకోవడానికి ఆగి, మూయబోయాడు. అది మూసుకోలేదు. గుంజాడు, నొక్కాడు, ఇంకోసారి నొక్కాడు.

"దీన్నెట్ల మూస్తర్రా?"

"నొక్కి ఎడమకు నూకాలె. ఆరో రోజు పేజీల రాసిన."

"నీ పేజీల మన్ను వడ! సూపియ్యి."

పక్కన కూర్చొని చూపించాను. మొదటిసారి ఆయనకు రాలేదు, రెండోసారి నాకే రాలేదు. పెద్దబావ కూడా జరిగి వంగి చూశాడు. ముగ్గురం తలలు దగ్గర పెట్టి గింజుకుంటుంటే మూడోసారికి చప్పున మూసుకుంది. చిన్నబావ దాన్ని చొక్కా జేబులో వేసుకొని, "ఇంకా అయిపోలే, ఇను" అంటూ తిట్లు ఎక్కడ ఆపాడో అక్కణ్నుంచి అందుకున్నాడు.

అప్పుడే స్టేషన్ వైపు నుంచి బండి కూత వినిపించింది. కాగజ్‌నగర్ పోయే బండి. నేను విన్నాను, పెద్దబావా విన్నాడు. చిన్నబావ వినలేదో, విననట్టు ఊరుకున్నాడో, గడియారం వైపైతే చూడలేదు. అక్క మెల్లగా లేచి వంటింట్లోకి పోయి, స్టీలు గ్లాసుతో రాత్రికి ఇంకో రెండు గ్లాసుల బియ్యం కొలిచి కడిగి పెట్టింది.