డాక్టరమ్మ కారుకి డైనమో బ్రాకెట్టు

మొన్న ఎండాకాలంలో మా చెల్లెలి మనవరాలి పెళ్ళికి సత్తెనపల్లి వెళ్ళినప్పుడు, పెళ్ళికొడుకుని హాలుకి తీసుకురావటానికి వాళ్ళవాళ్ళు ఎక్కడినుంచో ఒక పాతకాలం కారు మాట్లాడుకొచ్చారు. కొత్తగా మీగడరంగు వేయించి, మల్లెదండలు చుట్టి, ముద్దుగా తయారుచేశారు దాన్ని. పిల్లలంతా ఫోన్లు పట్టుకుని చుట్టూ మూగారు. అది గేటు దగ్గర మలుపు తిరుగుతుంటే బానెట్టు లోపల్నుంచి సన్నగా, కీచుమని ఒక చప్పుడు వచ్చి ఆగిపోయింది. బ్యాండుమేళం హోరులో అది ఎవరి చెవినా పడలేదు గానీ నాకు మాత్రం స్పష్టంగా వినపడింది. దీని డైనమో వరసలో కూర్చోలేదు, బెల్టు పక్కకి లాగుతోంది అని నా పక్కనున్న వియ్యపురాలితో అంటే, ఆవిడ నన్ను ఎగాదిగా చూసి, కార్ల సంగతులు నీకెట్లా తెలుసంది. ఏదో తెలుసులే అని నవ్వి ఊరుకున్నాను. ఆ మధ్యాహ్నమంతా అక్కడ పెళ్ళి జరుగుతున్నా నా మనసు మాత్రం నరసరావుపేటలో, మా రేకుల షెడ్డులోనే తిరుగుతూ ఉండిపోయింది.

నేను నరసరావుపేటకి కాపురానికి వచ్చింది ఎనభైల మొదట్లో. మాది అచ్చంపేట వైపు కృష్ణ ఒడ్డు పల్లె. మా రెండువైపుల తాతలదీ దూది ఏకే పనే. ఇళ్ళల్లో తెలుగే మాట్లాడుకుంటాం, మసీదుకి పోతాం. మా మామ చిన్నతనంలోనే దూదిపని వదిలేసి లారీల షెడ్డులో చేరి, ఏ బడికీ పోకుండా మెకానిక్కు అయ్యాడు. రోడ్డు మీద పోయే బండి చప్పుడు విని, కనపడకుండానే దాని రోగమేందో చెప్పేవాడు. మా ఆయన లారీ డ్రైవరు కనక నెలలో ఇరవై రోజులు ఊళ్ళో ఉండేవాడు కాదు. ఇంట్లో నేను, అత్త, మామ. వరండాలో నా కుట్టుమిషను, దానికి ఎదురుగా ఆయన షెడ్డు, మధ్యలో వేపచెట్టు నీడ. ఆయన సుత్తి చప్పుడూ నా మిషను చప్పుడూ రోజంతా ఒకదానికొకటి జవాబు చెప్పుకుంటున్నట్టు ఉండేవి. కిరసనాయిలు వాసన, వేపపూత వాసన కలిసిన ఆ గాలి ఇప్పటికీ ఒక్కోసారి నిద్రలో నా చుట్టూ తిరుగుతుంది.

ఒక చైత్రమాసంలో ఆ కారుని ట్రాక్టరుకి కట్టి లాక్కొచ్చారు. గుండ్రటి బుగ్గల్లాంటి మడ్‌గార్డులు, లోపల ఎర్రతోలు సీట్లు, ముందు వెండిపళ్ళ వరసలాంటి జాలీ. రెంటచింతల అవతల ఒక పల్లెలో చిన్న ఆసుపత్రి నడిపే డాక్టరమ్మది అది. వాళ్ళ నాన్నగారు కొన్న కారట. ఆవిడకి యాభై దాటి ఉంటాయి, పెళ్ళి చేసుకోలేదు. చుట్టుపక్కల పల్లెల్లో కాన్పు కష్టమైతే ఆ తల్లిని ఈ కారులోనే వెనకసీటులో పడుకోబెట్టుకుని, తనే నడుపుకుంటూ గుంటూరు పెద్దాసుపత్రికి తీసుకెళ్ళేది. ఆ ఏడాది ఎండలకి పెట్రోలు ఇంజను దిమ్మె పగిలింది. దానికి సామాన్లు ఎక్కడా దొరకవని తేలిపోయాక, దాని చోట డీజిలు ఇంజను పెట్టిద్దామని మా మామ దగ్గరకి వచ్చింది.

వేపచెట్టు కింద నులకమంచం మీద కూర్చుని ఆవిడ చెప్పిన ఒక సంగతి నాకు బాగా గుర్తు. అంతకుముందు వానాకాలంలో, నొప్పులు పడుతున్న ఒక పిల్లని తీసుకుపోతుంటే చీకటి పడే వేళకి దారిలో డైనమో పనిచేయటం మానేసి, బ్యాటరీ దిగిపోయి, లైట్లు ఆరిపోయాయట. వెలుతురు లేక కారు కదల్లేదు. టార్చిలైటు వెలుగులో కాన్పు అక్కడే, సీటు మీదే అయింది. తల్లీబిడ్డా బతికారు.

"ప్రతిసారీ బతుకుతారని లేదు కదా సాయిబుగారూ," అంది ఆవిడ. "ఏ ఇంజను పెట్టినా సరే, లైట్లు మాత్రం ఆరిపోకూడదు."

మా మామ తల ఊపాడు. విజయవాడ ఆటోనగరు పోయి, తుక్కుకి వచ్చిన ఒక వ్యానులోంచి మంచి డీజిలు ఇంజను ఏరుకొచ్చాడు. పక్క వీధి వెల్డింగు షాపు అన్న సాయంతో దాన్ని గొలుసుకి వేలాడదీసి, నెమ్మదిగా, పసిబిడ్డని తొట్టిలో దించినట్టు కారు పొట్టలోకి దించాడు. గేరుబాక్సుకి కలిపాడు. పదిరోజుల్లో ఇంజను మోగింది. పెద్దపని అయిపోయిందని మేమంతా అనుకున్నాం. అసలు చిక్కు అప్పుడు మొదలైంది.

ఆ ఇంజనుకి డైనమో కుడివైపు ఉండాలి. ఈ కారులో అక్కడ స్టీరింగు బాక్సు అడ్డం. అంచేత డైనమోని ఎడమవైపుకి మార్చి, కొత్తగా ఒక ఇనుప బ్రాకెట్టు చేసి దాన్ని అక్కడ నిలబెట్టాలి. చూడటానికి అరచేతంత ఉండే ఇనుపముక్క. దానికి నాలుగు బెజ్జాలు, అంతే. కానీ కింద ఇంజను తిప్పే పుల్లీ, మధ్యలో నీళ్ళపంపు పుల్లీ, పైన డైనమో పుల్లీ, మూడూ ఒకే వరసలో ఉంటేనే బెల్టు నిలుస్తుంది. కాస్త అటూ ఇటూ అయినా అరుస్తుంది, అరుగుతుంది, ఆఖరికి ఊడిపోతుంది. బెల్టు ఊడితే డైనమో తిరగదు, బ్యాటరీ దిగిపోతుంది.

మొదటి బ్రాకెట్టు బిగించి వినుకొండ రోడ్డు మీద తిప్పితే నాలుగు మైళ్ళు పోయేసరికి బెల్టు జారిపోయింది. డీజిలు ఇంజను అదురుకి బ్రాకెట్టు బద్ద వంగుతోందని మా మామ ఇంకా మందం ఇనుముతో రెండోది చేశాడు. అది వంగలేదు. బెల్టు మాత్రం సాయంత్రానికి ఒక అంచున పీచులు పీచులుగా లేచిపోయింది. మామ కారు పక్కనే గొంతుక్కూర్చుని, ఆ పీచుల్ని వేళ్ళతో తడుముకుంటూ ఎంతసేపో కదల్లేదు. ఆ పూట అన్నం కూడా సరిగ్గా తినలేదు. అంతకుముందు ఆయన చేసిన పని వెనక్కి రావటం నేను చూడలేదు.

నేను మిషను మీద కూర్చుని చూస్తూ ఉండేదాన్ని కదా, ఒక సంగతి చానా రోజులుగా నా కంటపడుతూనే ఉంది. నట్టు కిందపడితే ఆయన చూసి తీసుకునేవాడు కాదు, నేల మీద అరచెయ్యి పారాడించి వెతుక్కునేవాడు. స్పానర్ల మీది అంకెలు చదివేవాడు కాదు, బొటనవేలితో వాటి నోరు కొలుచుకునేవాడు. పనితనమంటే ఇట్లా ఉంటుందేమో అని మొదట్లో నేను అబ్బురపడ్డాను కూడా. రెండో బెల్టు పోయిన రోజున మాత్రం నాకు అసలు సంగతి అర్థమైంది. నల్లటి బెల్టుపొడి అంతా పుల్లీకి ఒక్క పక్కనే రాలి ఉంది. చూపున్న వాళ్ళెవరికైనా అది వెంటనే కనపడుతుంది. మా మామకి కనపడలేదు.

కోడల్ని, ఎట్లా చెప్పను? మర్నాడు ఆయన మధ్యాహ్నం నమాజుకి పోయినప్పుడు, నా కుట్టుపెట్టెలోంచి తెల్లదారం తీసుకుని షెడ్డులోకి వెళ్ళాను. కింది పుల్లీ గాడి నడుమనుంచి నీళ్ళపంపు పుల్లీ మీదుగా డైనమో దాకా దారాన్ని బిర్రుగా లాగి చూస్తే, కింది రెండింటికీ నిట్టనిలువుగా ఉన్న దారం పైదాని దగ్గర గాడిలో పడకుండా పక్కకి పోతోంది. ఆ సందు కొలవటానికి చెప్పుల డబ్బా అట్ట చింపి ముక్కలు దూర్చాను. సరిగ్గా రెండు అట్టలు పట్టాయి. ఆ పనిలో మునిగి, ఆయన వచ్చిన అలికిడి నేను వినలేదు.

"ఏందమ్మాయ్ అది?"

"దారం మామా," అన్నాను.

ఆయన దగ్గరికొచ్చి దారం మీద వేలు పెట్టాడు. కిందనుంచి పైదాకా, తెగిపోతుందేమో అన్నంత మెల్లగా ఆ వేలు నడిచింది. డైనమో దగ్గర ఆగింది. అక్కడే అట్టముక్కలు తగిలాయి.

"ఎంతొచ్చింది?"

"రెండట్టల మందం మామా. పైది వెనక్కి ఉంది."

షెడ్డు రేకుల చిల్లుల్లోంచి ఎండ చుక్కలు చుక్కలుగా ఆయన భుజాల మీద పడుతోంది. దారం మీదనుంచి వేలు తీసి అన్నాడు, "కళ్ళు మసకేసి ఏడాదైందే. మీ అత్తకి చెప్పమాక. ఎవురికీ చెప్పమాక."

చెప్పనన్నాను.

ఆ తరవాత మూడురోజులు నా జీవితంలో ఎంత హాయిగా గడిచాయో చెప్పలేను. ఇద్దరం కలిసి ఆ బ్రాకెట్టుకి ముందు అట్టతో నమూనా కత్తిరించాం. జాకెట్టు కోసం కాగితం కత్తిరించినట్టే నేను అట్ట కత్తిరించటం, ఆయన దాన్ని ఇంజనుకి ఆనించి వేళ్ళతో తడిమి ఇక్కడ గోరంత తియ్యి, ఇక్కడ ఉంచు అనటం. నాలుగో అట్ట కుదిరింది. దాన్ని పాత లారీ ఛాసిస్ ముక్క మీద పెట్టి నేను సుద్దముక్కతో గీత గీస్తే వెల్డింగు అన్న కోశాడు. బెజ్జాల చోట్లు నేనే గుర్తు పెట్టాను. బెల్టు బిగించుకోవటానికి పొడుగాటి సందు ఉన్న ఇంకో బద్ద కూడా అట్లాగే చేశాం. బోల్టులు మాత్రం ఆయనే బిగించాడు. ఎంత బిగువు ఉండాలో ఆ చేతులకి తెలిసినట్టు మరి దేనికీ తెలియదు. ఇంజను స్టార్టు చేస్తే బెల్టు ఉన్నచోటే ఉండి, తిరుగుతోందో లేదో అన్నట్టు నిశ్శబ్దంగా తిరిగింది. డాష్‌బోర్డు మీద ఛార్జింగు చూపించే ముల్లు ఎడమనుంచి కుడికి, ఛార్జింగు ఎక్కే వైపుకి వాలింది. ముల్లు ఎటుందమ్మాయ్ అని నెమ్మదిగా అడిగాడు మామ. కుడికి, అన్నాను. ఆయన బానెట్టు మీద అరచెయ్యి ఆనించి అట్లాగే నిలబడిపోయాడు.

దూరం పోయి ఇంజను బాగా వేడెక్కాక దాని చప్పుడు వినాలని, కారు అప్పగించే రోజున ఆయన కూడా డాక్టరమ్మతో బయలుదేరాడు. తోడు నన్ను రమ్మన్నాడు. ఎర్రతోలు సీట్లో కిటికీ పక్కన కూర్చుని నేను చేసిన ఆ ప్రయాణం తలుచుకుంటే ఇప్పటికీ కలలాగే ఉంటుంది. పిడుగురాళ్ళ దగ్గర సున్నపు బట్టీల తెల్లటి పొగ రోడ్డుకి అడ్డంగా తేలుతోంది. అది దాటితే పొలం గట్లెంబడి నిలబెట్టిన నాపరాళ్ళు, కోసేసిన మిరపచేలు, దూరంగా గొర్రెలమంద లేపిన ఎర్రదుమ్ము. వడగాలి కూడా ఆ పూట నాకు చల్లగానే తోచింది. గురజాల దాటాక పొద్దు వాలింది. డాక్టరమ్మ లైట్లు వేసింది. ముందు రోడ్డంతా పసుపు ఆరబోసినట్టు వెలిగింది. ముల్లు కుడివైపే ఉంది. ఆవిడ మాటిమాటికీ దానివంకే చూసుకుంటూ నడిపింది.

రెంటచింతలలో టీకొట్టు దగ్గర ఆగాం. కొట్టతను గ్లాసు అందిస్తే మా మామ చెయ్యి గ్లాసుకి బెత్తెడు దూరంలో గాలిని పట్టుకుంది. వెంటనే సర్దుకున్నాడు గానీ డాక్టరమ్మ చూసింది.

"సాయిబుగారూ, మీకు చూపు తగ్గింది కదూ? శుక్లాలు అయ్యుంటాయి. గుంటూరులో నాకు తెలిసిన కళ్ళ డాక్టరుంది, ఉత్తరం రాసిస్తాను. ఆపరేషను చేస్తే కనపడుతుంది."

మామ నవ్వేశాడు. "చీకట్లో సరిగా ఆనలేదమ్మా, అంతే."

ఆవిడ నావైపు తిరిగింది. "ఏమ్మా, నిజమేనా?"

మామ తల దించుకుని టీ తాగుతున్నాడు. ఆ మూడురోజులూ నన్ను పక్కన నిలబెట్టుకుని, ఎవరికీ చూపించని పని చూపించిన మనిషి. ఇచ్చిన మాట ఉంది. బండ్లు తెచ్చేవాళ్ళకి తెలిస్తే మళ్ళీ రారన్న భయం ఉంది.

"బాగానే కనపడుద్దమ్మగారూ," అన్నాను.

ఆవిడ నన్ను ఒక్క క్షణం చూసి, టీడబ్బులు ఇచ్చి కారెక్కింది.

ఆ కారు తరవాత చాలా ఏళ్ళు ఆ రోడ్ల మీద తిరిగింది. ఎంతమంది తల్లుల్ని మోసిందో నాకు తెలియదు గానీ లైట్లు ఆరాయన్న మాట మాత్రం ఎప్పుడూ రాలేదు. మా షెడ్డులో వరస చూడాల్సిన పని వచ్చినప్పుడల్లా మామ నన్ను మంచినీళ్ళు తెమ్మని కేకేసేవాడు. నేను నీళ్ళచెంబు పక్కన పెట్టి దారం లాగి చూసి, వేళ్ళతో ఆయన చేతిమీద తట్టి కొలత చెప్పి వచ్చేసేదాన్ని. వచ్చిన వాళ్ళకి కోడలు నీళ్ళిచ్చి పోయినట్టే ఉండేది. అట్లా మూడేళ్ళు నడిచింది. తరవాత ఆయనకి వెలుగూ చీకటీ తప్ప ఏమీ తెలియకుండా పోయింది. అప్పుడు నేనే అత్తకి చెప్పాను, మా ఆయనకి చెప్పాను, గుంటూరు పోదామన్నాం. ఈ వయసులో కంటికి కత్తి పెట్టించుకోనని భీష్మించాడు. ఆ చలికాలం వచ్చిన జ్వరంలోనే ఆయన పోయాడు. నేను కుట్టిన అంగీల గుండీలు, ఆ ఏళ్ళలో పుట్టిన నా కొడుకు మొహం, అన్నీ ఆయనకి వేళ్ళ చివర్లతోనే తెలుసు.

పోయిన ఏడు నాకూ శుక్లాలు తీశారు. అరగంట కూడా పట్టలేదు. పక్కమంచం ఆవిడది మాచర్ల, అవతలి ఆయనది దుర్గి. మర్నాడు పొద్దున కట్లు విప్పాక వార్డులో మా ముసలివాళ్ళందరం ఒకళ్ళనొకళ్ళం పలకరించుకుంటూ, నాకు నీ గాజులు కనపడుతున్నాయంటే నాకింకా మసగ్గానే ఉందని, ఇన్నాళ్ళూ బియ్యంలో రాళ్ళు కనపడక కోడలి చేత తిట్లు తిన్నానని, నవ్వుకుంటూ ఎంత గట్టిగా చెప్పుకున్నామో. సిగ్గు లేదు, దాపరికం లేదు. కిటికీలోంచి పడుతున్న ఎండని కొత్త కంటితో చూస్తూ నేను మా మామని తలుచుకున్నాను. నాకు కనపడటం లేదు అన్న ఆ మూడు ముక్కలు అంత తేలిగ్గా పైకి అనగలిగే కాలం ఆయనకి రాలేదు. ఆయన తరఫున నేనన్నా అనాల్సిన రోజున, నేను అనలేదు.