హాజరు పట్టీలో పిచ్చుకలు

ఖుద్దూస్ గారు మనుషుల క్షేమం అడగరు. బందరులో ఆయన రోల్డుగోల్డు కార్ఖానాలో పదహారు మంది పనిచేస్తారు. వాళ్లలో ఒక్కరినైనా "బాగున్నావా" అని ఆయన పలకరించగా విన్నవాళ్లు లేరు. బల్లులు బాగున్నాయా అని అడుగుతారు. పెరట్లో కప్ప కనిపించిందా అని అడుగుతారు. కనిపించలేదంటే ఆయన మొహం చిన్నబోతుంది. అది చూడలేక మర్నాడు జనం కప్ప కనిపించిందని చెప్పేస్తారు.

షబీనాకి ఈ సంగతి పనిలో చేరిన రోజే తెలిసింది. హాజరు పట్టీలో సంతకం పెట్టి వెళ్లబోతుంటే, ఆయన కళ్లజోడు పైనుంచి చూసి, పక్క గడి ఖాళీగా ఉందన్నారు. ఆ గడి పైన ఎర్ర సిరాతో 'ఇంట్లో బతుకుతున్నవి' అని రాసి ఉంది. షబీనా భర్త జాహిద్ పేరూ, అత్తగారు హలీమా పేరూ రాసింది.

"వీళ్లు కాదమ్మా," అన్నారాయన. "వీళ్లు కాక."

ఆయన కారణం ఆయనకుంది. గాజులకి మెరుగు పెట్టే గదిలో రోజంతా యాసిడ్ వాసన. అక్కడ చీమ కూడా బతకదు. "మన బతుకుల కోసం ఒక గదిని చంపేశాం. ఇంటి దగ్గరైనా ఏదో ఒకటి బతకాలి కదా," అంటారు. అందుకే పండక్కి ఇచ్చే బందరు లడ్డూల పెట్టెతో పాటు బీర విత్తనాల పొట్లం కూడా ఉంటుంది. పెరడు లేనివాళ్లకి పిట్టలు నీళ్లు తాగే మట్టి మూకుడు. వీధిలో ఎవరైనా చెట్టుకొమ్మ కొట్టబోతుంటే ముందు తనకి ఫోన్ చెయ్యాలి. గూడుందేమో ఆయన చూసుకోవాలి.

ఒకసారి బీరువా తాళం కన్నంలో కందిరీగ మట్టితో గూడు కట్టింది. విజయవాడ నుంచి వచ్చిన వ్యాపారి తన సరుకు ఆ బీరువాలోనే ఉందన్నాడు. ఖుద్దూస్ గారు అతనికి టీ తెప్పించి, పిల్లలు బయటికి వచ్చేదాకా ఆగాలన్నారు.

"ఎవరి పిల్లలండీ?" అన్నాడు వ్యాపారి.

మూడు వారాలు పట్టింది. చివరి వారంలో ఆ వ్యాపారి కూడా ఫోన్ చేసి సరుకు మాట ఎత్తకుండా, పిల్లలొచ్చాయా అనే అడిగేవాడు.

టంకం పని చేసే వెంకటపతి వెటకారం మనిషి. తన గడిలో వరసగా నాలుగు రోజులు 'దోమలు' అని రాశాడు. ఐదో రోజు ఖుద్దూస్ గారు సోడాసీసాలో పంటకాలవ చేపపిల్లల్ని తెచ్చి, నీళ్లతొట్టిలో వేసుకోమని చేతికిచ్చారు. అప్పట్నుంచి వెంకటపతి వాటి ఎదుగుదల రాయాల్సొచ్చింది. ఫిబ్రవరిలో అందరినీ వ్యాన్‌లో పాలకాయతిప్ప సముద్రం ఒడ్డుకి తీసుకెళ్తే పిక్నిక్ అనుకున్నారు. బిర్యానీ ఉంది. కానీ దానికి ముందు ఒడ్డున ఇసుకలో కూరుకుపోయిన వల ముక్కలన్నీ ఏరాలి. తాబేళ్లు గుడ్లు పెట్టడానికి వచ్చే కాలమట.

"ఏడాదికో పిక్నిక్, అదీ తాబేళ్లకి," అన్నాడు వెంకటపతి. అంటూనే అందరికన్నా పెద్ద మూట కట్టాడు.

షబీనాకి మాత్రం రాయడానికేమీ లేదు. ఇనగుదురుపేటలో ఒక రేకుల గది. పెరడు లేదు. ఏప్రిల్‌లో ఆటో తిరగబడి జాహిద్ కాలు విరిగింది. మంచం దిగలేడు. అందుకే ఆమె పనిలో చేరింది. ఆ మాట ఆమె కార్ఖానాలో ఎవరికీ చెప్పలేదు. చెబితే జాలిపడతారు. జాలిపడేవాళ్ల మధ్య తలెత్తుకుని పనిచెయ్యడం ఆమెకి చేతకాదు. అందుకని గడిలో 'పిచ్చుకలు రెండు' అని రాసి ఊరుకుంది.

ఖుద్దూస్ గారు ఊరుకోలేదు. గూడు కట్టాయా అన్నారు. కట్టాయండీ అంది. గుడ్లు పెట్టాయా అన్నారు. మూడండీ అంది. ఆ తర్వాత ఏమనాలో తోచక, రోజూ పొదుగుతున్నాయనే చెప్పింది. రెండు నెలలు పొదిగాయి. పక్కన కూర్చుని గాజులకి రాళ్లు అంటించే సత్యవతమ్మ, "ఏమ్మా, మీ పిచ్చుకకి ఎన్నో నెల?" అని అడగడం మొదలుపెట్టింది.

జులైలో వానలు పట్టుకున్నాయి. రెండు రోజులు వదలకుండా కురిసిన మర్నాడు ఖుద్దూస్ గారు అడిగారు.

"వానకి గూడు తడవలేదు కదా?"

షబీనా తెల్లారుజాము నుంచి నీళ్లు ఎత్తిపోసి వచ్చింది. అబద్ధం ఆడే ఓపిక కూడా లేదు.

"తడిసిందండీ. మూల రేకు పగిలింది. కింద బకెట్ పెట్టాం."

"మగపిచ్చుక?"

"కాలు విరిగిందండీ. మూడు నెలల నుంచి కదలట్లేదు."

"మరి తిండి?"

"ఆడదే తెస్తోందండీ."

అన్నీ నిజాలే. పిచ్చుకలవి మాత్రం కావు. ఆ సంగతి ఆమెకి అనేశాక గానీ తెలియలేదు. ఖుద్దూస్ గారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. ఆదివారం వచ్చి చూస్తానన్నారు.

ఆ మాట విని వెంకటపతి పని ఆపి దగ్గరికొచ్చాడు. పోయినేడు విల్సన్ అనే అతను ఇంట్లో గుడ్లగూబ ఉందని రాశాడట. ఈయన చూడ్డానికి వెళ్లారట. తర్వాతి వారం నుంచి విల్సన్ పనిలో లేడు.

"ఏమయ్యాడు?" అంది షబీనా.

"గుడివాడలో ఉన్నాడని విన్నాను," అన్నాడు వెంకటపతి, అదేదో అండమాన్ అన్నట్టు.

ఆ ఇంట్లో సంపాదన షబీనా ఒక్కదానిదే. ఇక ఆదివారంలోగా రెండు పిచ్చుకలు కావాలి. శుక్రవారం నుంచి గుమ్మం ముందు నూకలు చల్లింది. కాకులొచ్చాయి. మూకుడులో నీళ్లు పెట్టింది. పక్కింటి కోడి వచ్చి తాగి, అక్కడే కూర్చుంది. హలీమా దాన్ని తోలకుండా ఎగాదిగా చూసి, దూరం నుంచి చూపిస్తే సరిపోదా అంది. జాహిద్ మంచంలో పడి నవ్వాడు. మూడు నెలల్లో అతను నవ్వడం అదే మొదలు.

ఆదివారం పది గంటలకి ఖుద్దూస్ గారు మోపెడ్ మీద వచ్చారు. వెనకే రిక్షాబండిలో కొత్త రేకు, ఆ రేకు పట్టుకుని పైకప్పులు బాగుచేసే శ్రీనివాసరావు. ఖుద్దూస్ గారు లోపలికొచ్చి పగిలిన మూల చూశారు. బకెట్ చూశారు. జాహిద్ కాలు చూశారు. గూడు ఎక్కడని అడగలేదు.

"పిచ్చుకలు బయటికెళ్లుంటాయండీ," అంది షబీనా.

"వెళ్లుంటాయి. ఆదివారం కదా."

రేకు మారుస్తున్నంతసేపూ ఆయన జాహిద్ పక్కన ముక్కాలిపీట మీద కూర్చున్నారు. గూడున్న ఇంట్లో పగలు కాపలాకి మనిషుండాలని, ఊరికే కూర్చుంటే నిద్రొస్తుందని, నిద్ర రాకుండా చేతిలో పనుంటే మంచిదని చెప్పారు. మోపెడ్ సంచిలోంచి గొలుసులు అల్లే పట్టకార్లు, తీగ చుట్ట తీసి మంచం మీద పెట్టారు. కూలి మామూలే. పిల్లులొస్తే కేకేస్తే చాలు.

కప్పు మీద నుంచి శ్రీనివాసరావు షబీనాని పిలిచి మేకులు అందించమన్నాడు. అందుకుంటూ గొంతు తగ్గించాడు.

"విల్సన్ ఇంట్లోనూ గుడ్లగూబ లేదమ్మా. అతనికి గుడివాడలో మంచాన పడ్డ తల్లి ఉంది. ఈయనే అక్కడ తన తమ్ముడి కొట్లో పని ఇప్పించి పంపారు."

షబీనా మిగిలిన మేకులు కూడా అందించింది. ఖుద్దూస్ గారు మోపెడ్ తీస్తుంటే వెనకాలే వెళ్లింది.

"మా ఇంట్లో పిచ్చుకల్లేవండీ."

"తెలుసమ్మా. పిచ్చుక పద్నాలుగు రోజులకన్నా ఎక్కువ పొదగదు. మీది రెండు నెలలు పొదిగింది."

"మరెందుకు అడిగారండీ, రోజూ?"

"మీ ఇంట్లో ఎలా ఉందమ్మా అని అడిగితే ఏం చెప్పేదానివి?"

షబీనా ఆలోచించింది. "బాగుందండీ అనేదాన్ని."

"అందరూ అదే అంటారు," అన్నారు ఖుద్దూస్ గారు. హ్యాండిల్‌కి తగిలించిన చెక్కపెట్టె ఆమె చేతికిచ్చారు. దానికి గుండ్రటి కన్నం ఉంది. "చూరు కింద కట్టు. ఖాళీగా ఉన్నా ఫర్వాలేదు. గడిలో మాత్రం ఉన్నదే రాయి."

ఆమె ఉన్నదే రాసింది. బల్లి ఒకటి. మర్నాడూ అదే బల్లి. జాహిద్ ముందు కర్ర పట్టుకుని, తర్వాత కర్ర లేకుండా నడిచాడు.

డిసెంబరులో ఒక ఉదయం ఆమె సంతకం పెట్టి, పక్కన 'పిచ్చుకలు రెండు' అని రాసింది. ఖుద్దూస్ గారు చదివారు. కళ్లజోడు తీశారు. సత్యవతమ్మకి వినపడకుండా ముందుకు వంగారు.

"ఏమైందమ్మా? ఇంట్లో అందరూ బాగున్నారా?"

వెంకటపతి చేతిలో టంకం కర్ర ఆగిపోయింది. ఆయన నోట మనుషుల మాట రావడం అతను పన్నెండేళ్లలో వినలేదు.

"బాగున్నారండీ. నిజంగా పిచ్చుకలేనండీ."

ఆయన నమ్మలేదు. ఆదివారం మోపెడ్ మీద ఒక టార్పాలిన్, ఒక దుప్పటి, పండ్ల సంచితో వచ్చారు. జాహిద్ ఎదురెళ్లి, తన రెండు కాళ్ల మీద నిలబడే చూరు కిందికి చెయ్యి చూపించాడు. పెట్టె కన్నంలోంచి ఒక చిన్న గోధుమరంగు తల బయటికొచ్చి, వచ్చినాయన్ని ఎగాదిగా చూసి, లోపలికెళ్లిపోయింది.

ఖుద్దూస్ గారు దుప్పటీ, పండ్ల సంచీ కింద పెట్టి, కన్నం వైపు తలెత్తారు.

"బయటికెళ్లలేదే," అన్నారు.

"ఆదివారం కదండీ," అంది షబీనా.