గొర్రెబొచ్చు సీట్ల కారు

మా చిన్నప్పుడు ఒక ఎండాకాలం... ఇంటి వసారా నిండా గొర్రెబొచ్చు. నాయన రాచర్ల నుంచి గోతాలకెత్తించి తెచ్చాడు. కడగని బొచ్చు. పెంటికలు అతుక్కుని, పచ్చగా, జిడ్డుగా, ఉచ్చకంపు కొడుతూ... ఇప్పుడు తలుచుకున్నా నా చెయ్యి ముక్కు మీదికే పోతుంది. నేను చెబుతుంటే టైపు చేస్తున్న నా మనవరాలు కూడా మొహం అదోలా పెట్టింది.

ఆ బొచ్చు దేనికంటే, కారు సీట్లకి.

కారు మా తాతది. తాత మార్కాపురంలో ఒక మిషన్ దొర దగ్గర డ్రైవరు. దొర ఓడెక్కి సీమకు పోతూ తన పాతకారు తాతకిచ్చి పోయాడు. తాత చనిపోయాక అది మా పశువుల పాకలో మూలకు పడింది. కోళ్లు అందులోనే పొదిగేవి. ఎలుకలు సీట్లు కొరికి పిల్లల్ని పెట్టేవి. దాన్ని మళ్లీ నడిపించాలని నాయనకు పట్టుదల. ఆయన బడిపంతులు. బడి విడవగానే పాకలోకి దూరేవాడు.

మద్రాసు ప్రెసిడెన్సీ నాటి మాట... అందులోనూ రెండో ప్రపంచయుద్ధం రోజులు. ఏ సామానూ దొరికేది కాదు. ఒక్కో ముక్క కోసం నెలల తరబడి ఎదురుచూపు. అట్లా ఏళ్లకేళ్లు గడిచాయి.

ఇప్పుడు ఫోన్లలో వీడియోలు చూస్తుంటాను... పాతకారు బాగుచేయడమంటే తళతళలాడే పని. మా ఇంట్లో అది ఒట్టి కంపు. అమ్మ పులుసు కాచే దాకలో ఇంజను ముక్కలు నానేవి. ఎంత తోమినా పులుసులో కిరసనాయిలు వాసన పోయేది కాదు. గోళ్ల సందుల్లో నల్లటి మడ్డితోనే నాయన అన్నం కలుపుకునేవాడు. నేను ఆయన పక్కన కంచం పెట్టుకునేదాన్ని కాదు. అసహ్యం.

అమ్మ మాత్రం ఓర్చుకుంది. ఆమె పుట్టిల్లు పుల్లలచెరువు... అడివి అంచున, ఎడ్లబండిలో రెండు రోజుల దారి. "నీ బిడ్డను కార్లోనే తోలుకొస్తా అత్తా" అని నాయన పెళ్లినాడు చర్చి ముందర అందరూ వినేటట్టు మాటిచ్చాడట. ఇక కారు కదిలేదాకా అమ్మకు పుట్టింటి ప్రయాణం లేదు.

అంతలో అమ్మమ్మకు చూపు తగ్గుతోందని కబురొచ్చింది. పూర్తిగా పోకముందే ఒక్కసారి తాను కనబడి, నన్నూ చూపించి రావాలని అమ్మ ఆరాటం.

"బండి మాట్లాడు. ఈ క్రిస్మస్‌కన్నా పోయొస్తా," అనింది అమ్మ.

"ఇంగెంత, సీట్లే గదా మిగిలింది. మాటిచ్చినోణ్ణి బండెక్కి పొమ్మంటావా? ఊరంతా నవ్వరా?" అన్నాడు నాయన.

ఆ క్రిస్మస్ పోయింది. ఎండలు ముదిరాక బొచ్చు వచ్చింది.

"కుంకుడుకాయలేసి, ఉడుకునీళ్లల్లో ఉతికి ఎండబెట్టు," అని చెప్పి చూసింది అమ్మ.

"నీకేం తెల్సు? జిడ్డుంటేనే పురుగు పట్టదు. దొరల కార్లల్లో అట్లనే ఉంటది," అని నాయన ఆ బొచ్చును అట్లాగే కూరి కుట్టేశాడు.

చివరికి కారు కదిలింది. పాస్టరయ్య వచ్చి ప్రార్థన చేశాడు. వీధి వీధంతా చూస్తుండగా అమ్మ, నేను వెనక సీట్లో కూర్చున్నాం. నాయన మీసాల చాటున నవ్వు ఇంకా గుర్తుంది నాకు.

త్రిపురాంతకం దాటేసరికి ఎండ నెత్తికొచ్చింది. సీటు వేడెక్కింది. అడుగున మగ్గిన గొర్రెలదొడ్డి అంతా ఒక్కసారిగా పైకి లేచింది. కుట్ల సందుల్లోంచి పిడుదులు బయటికి పాకాయి. నా తొడ మీద ఒకటి రక్తం తాగి ఆముదపుగింజంత ఉబ్బింది. దాన్ని పీకబోతే వేళ్ల మధ్యే చిట్లిపోయింది. నేను అమ్మ చీర మీదే కక్కేశాను.

"మొకం బయట పెట్టు, ఏం గాదు," అన్నాడు నాయన వెనక్కి తిరక్కుండానే. ఆ మాట మీద నాకిప్పటికీ కోపమే.

ఎర్రగొండపాలెం ఇంకా రాకముందే కారు ఆగిపోయింది. నాయన దాని కిందికి దూరాడు. అంతలో పుల్లలచెరువు వైపు పోయే ఎడ్లబండి ఒకటి వచ్చింది. అమ్మ నన్ను చంకనేసుకుని బండెక్కింది.

"నువ్వు నీ కారు తీసుకుని నిదానంగా రా," అనింది.

మర్నాడు పొద్దున చేరాం. అమ్మమ్మ గడపలో కూర్చుని తడుముకుంటూ చింతపండు పిక్కలు తీస్తోంది. అమ్మ పోయి ఎదురుగా నిలబడింది. అమ్మమ్మ తలెత్తి, గాలి పీల్చి, ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుంది.

"ఎవరు తల్లీ? గొర్రెలోళ్ల పిల్లవా? మా కొడుకు చేనికి పోయినాడు. సందేళకు రా."

అమ్మ గడప ముందు కూచుని ఆమె చేతులు పట్టుకుంది. "నేనే అమ్మా" అనింది.

అమ్మమ్మ చేతులు అమ్మ మొహమంతా తడిమాయి. తర్వాత నా మొహం. "మొన్న క్రిస్మస్‌కు వచ్చింటే మసగ్గానన్నా కనపడేదానివి గదే," అనింది. అమ్మను తిట్టలేదు, నాయననూ తిట్టలేదు. అదే నాకు ఇంకా బాధ.

కొన్నాళ్లకు నాయన వచ్చాడు. కారును ఎడ్లు లాక్కొచ్చాయి. ఆయన భయపడ్డట్టు ఎవరూ నవ్వలేదు, ముక్కులు మూసుకున్నారంతే. అమ్మ మళ్లీ ఆ కారెక్కలేదు.

ఇప్పుడు మా వాకిట్లో రెండు చల్లటి కార్లున్నాయి, లోపల మల్లెపూల సెంటు. పుల్లలచెరువుకు పొద్దున పోయి మధ్యాహ్నం అన్నానికి తిరిగి రావచ్చు... అక్కడ మమ్మల్ని చూడాలని కూర్చున్నవాళ్లే లేరు.

"అది కానీలే, అప్పుడు పోదాం" అనుకుని ఆపిన ప్రయాణం మీ ఇంట్లో కూడా ఒకటి ఉండే ఉంటుంది. కింద రాయండి, మనవరాలు చదివి వినిపిస్తుంది. కానీ ఆ ఎదురుచూసే మనిషి ఇంకా ఉంటే రాతలు తర్వాత... ముందు బస్సెక్కండి.