వంకర వేలు

మాది ధర్మవరం. పట్టుచీరలు నేస్తాను. తీరిక దొరికితే పేక ముక్కలతో కొత్త ట్రిక్కులు కనిపెడతాను. ఎవరో తీసి కట్టలో కలిపేసిన ముక్క వాళ్ల అరచేతి కిందే తేలే ట్రిక్కు ఒకటుంది. దానికి నాకు మూడేళ్లు పట్టింది. హిందూపురంలో మ్యాజిక్ షోలు చేసే మంజునాథ్ ఇంటికొచ్చి, "నేర్పన్నా, బయట యాడా చెయ్యను" అని బతిమాలితే నమ్మి, ఆర్నెల్లు కూర్చోబెట్టి నేర్పాను.

పోయినేడాది పెనుకొండలో బంధువుల పెళ్లి రిసెప్షన్‌కి వెళితే స్టేజీ మీద అతనే! చేస్తున్నది నా ట్రిక్కే! నన్ను చూసుకోకుండా మైకులో, "ఇది నేనే కనిపెట్టినానప్పా, ఇంకెవరికీ రాదు" అన్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది. అప్పుడే గమనించాను, పేక కట్ట పట్టుకున్న ఎడమచేతి చిటికెన వేలు కొక్కెంలా వంచి పెట్టాడు.

విసురుగా స్టేజీ ఎక్కి మైకు లాక్కున్నాను. "ఆ వేలు ఎందుకు వంచినావప్పా?"

అతని మొహం పాలిపోయింది. అయినా తగ్గకుండా, "అట్ల వంచితేనే ట్రిక్కు వస్తాదన్నా" అన్నాడు.

నా ఎడమచెయ్యి అందరికీ కనబడేలా ఎత్తాను. "చిన్నప్పుడు నేను మగ్గం గుంతలో పడితే నా వేలు విరిగి, ఇట్ల వంకర పోయింది. ట్రిక్కులో ఈ వేలికి పనే లేదు రా!"

పెళ్లి జనమంతా ఘొల్లున నవ్వారు. నాకు మాత్రం ఇప్పటికీ నవ్వు రాదు. అన్నా అన్నా అంటూ ఆర్నెల్లు నా చేతినే చూస్తూ కూర్చున్న మనిషి, ఆ వేలికి ఏమైందన్నా అని ఒక్కసారి అడిగిన పాపాన పోలేదు.