ఒక్క గడి భూతం

లోర్నా టెష్ ఒకచోట కుదురుగా కూర్చోగా నేను చూడలేదు. మా ఊరు షెబాయ్‌గన్‌లో స్కూలు బస్సులు బాగుచేసే షెడ్డులో ఆవిడ పని. ఆదివారం మధ్యాహ్నాలు తన బేస్‌మెంట్‌లో మాతో ఆట ఆడించేటప్పుడూ కాలుగాలిన పిల్లే. మేం ముగ్గురం తలా ఒక వీరుడి తరఫున మాట్లాడతాం, పాచికలేస్తాం, గళ్ళ కాగితం మీద బొమ్మలు జరుపుతాం. మాకు ఎదురయ్యే భూతాలన్నీ లోర్నావే. అట్ట ఒకటి అడ్డం పెట్టుకుని దాని వెనక నుంచి వాటిని నడిపిస్తుంది.

ఆ భూతాలతోనే మాకు విసుగెత్తిపోయింది. కత్తి దిగదంటుంది, అయితే అది దొంగిలించిన కత్తైతే దిగుతుందంటుంది. మంటకి బెదరదు, వెన్నెల్లో మాత్రం బెదురుతుంది. ప్రతి దెబ్బకీ "ఆగండాగండి" అంటూ కాగితాలు తిరగేస్తుంది. మా వీరుల్లో ఎవరైనా చావబోతే వాటిలోంచి ఒక మెలిక పుడుతుంది. పోయిన నెల ఒక్క పోట్లాట మధ్యాహ్నమంతా సాగింది. తీరా చూస్తే ఆ భూతం తన విద్యల్లో సగం చూపించకుండానే చచ్చింది. నాకు ఒళ్ళు మండిపోయింది.

"చూడు లోర్నా, ఇంకోసారి ఇలా కూర్చోబెట్టావంటే నేనూ ట్రూడీ వేరేచోట ఆడుకుంటాం," అన్నాను మొహమ్మీదే.

ట్రూడీ పళ్ళ డాక్టరు దగ్గర పనిచేస్తుంది, నోరు మహా పదును. "మా డాక్టరు పన్ను పీకడం కూడా ఇంతకన్నా త్వరగా అయిపోతుంది తల్లీ," అంది.

లోర్నా మొహం పాలిపోయింది. విడాకులయ్యాక ఆవిడకి వారమంతా గ్రీజూ బోల్టులే, మనుషులంటే మేమే. మూడో ఆటగాడు మెర్ల్ పెద్దాయన, ఒకప్పుడు సరుకు ఓడల్లో వంటవాడు. మేమిద్దరం వెళ్ళిపోతే ఆయనొక్కడితో ఆట సాగదు. ఆ సంగతి తెలిసే అన్నాను.

తర్వాతి ఆదివారం అట్ట వెనక కాగితాల దొంతర లేదు. లోర్నా చేతులకి పనిలేక పాచికల్ని తీసి పెడుతోంది, పెట్టి తీస్తోంది.

"చిన్న గది. మీ వెనక తలుపు తెరిచి ఉంది," అంది. "ఎదురుగోడ దగ్గర భూతం ఒకటి నిలబడి ఉంది. మీరు తలా ఒక పని చేశాక ఒక గడి ముందుకొస్తుంది. ఏ ఆయుధమూ దాన్ని ఏమీ చెయ్యలేదు. అది ముట్టుకుంటే మనిషి ఉండడు. అంతే."

"అంతేనా?"

"అంతే."

"చాల్లే! ఎవరి చెవిలో పువ్వులు పెడుతున్నావ్?" అంది ట్రూడీ.

ఏళ్ళ తరబడి ఆవిడ చేతిలో దెబ్బలు తిన్నవాళ్ళం, ఊరికే నమ్ముతామా? ఆటలో నా వంతుకి నేను దాని మీద ఉప్పు చల్లాను. ట్రూడీ అద్దం చూపించింది. మెర్ల్ వేణువు ఊదాడు. భూతం ఒక గడి ముందుకొచ్చింది. నేను చచ్చిన రాజుల భాషలో దాన్ని పేరడిగాను. ఇంకో గడి. బల్ల మీద పెట్టిన చీజ్ ముక్కలు ఎవరూ ముట్టుకోవడం లేదు. నేనెప్పుడు లేచి నిలబడ్డానో నాకే తెలీదు, ట్రూడీ గోళ్ళు కొరుకుతోంది.

"నేను చెప్పిందే ఉంది, ఇంకేం లేదు, నమ్మండర్రా!" అంది లోర్నా. గొంతు వణికింది.

"ఆ గొంతు విన్నారా? ఏదో దాస్తోంది," అన్నాను నేను.

మెర్ల్ గడ్డం గోక్కున్నాడు. "మా పిప్ దగ్గరికెళ్ళి చూస్తాడు." పిప్ అంటే ఆటలో ఆయన నడిపే దొంగ. ఓడల్లో పనిచేసిన రోజుల నుంచీ ఆయన ఆడుతున్నది వాడొక్కడినే.

"పెద్దాయనా, వద్దు," అంది లోర్నా.

"వద్దంటున్నావంటే కిటుకు అక్కడే ఉందన్నమాట," అంటూ మా ఇద్దరి వంతులూ అయ్యాక పిప్‌ని భూతం ఎదురుగా పెట్టాడు.

లోర్నా భూతాన్ని ఒక గడి జరిపింది. "ముట్టుకుంది," అంది.

"అయ్యో, తలుపు!" అని అరిచింది ట్రూడీ. "తెరిచే ఉంది కదా! నడుచుకుంటూ బయటికి పోతే సరిపోయేది!"

"లోర్నా, ఏదో ఒక మెలిక చెప్పు! నీ దగ్గర బోలెడుంటాయిగా!" అన్నాను నేను.

చెప్పగలదు. ఒక్క మాట కల్పిస్తే పిప్ బతుకుతాడు, పెద్దాయన మిగులుతాడు. ఆవిడ పెదాలు కదిలాయి. అప్పుడు లోర్నా అట్టని పక్కకి తీసేసింది. కళ్ళనిండా నీళ్ళు.

"లేదు డ్వేన్. పిప్ పోయాడు."

మెర్ల్ లేచాడు. కోటు అందుకుని ఒక చెయ్యి దూర్చాడు. కోటు సగం వేలాడుతుండగా బల్లకేసి తిరిగాడు.

"ఇన్నేళ్ళూ ఆ మెలికలన్నీ, మా వీరులు చావకుండానా?"

లోర్నా తలూపింది. "వాళ్ళు చస్తే మీరు రావడం మానేస్తారని."

"పిచ్చిదానా!" అన్నాడు మెర్ల్. కోటు తీసి కుర్చీ మీద పడేసి కూర్చున్నాడు. "తెల్ల కాగితం ఇటివ్వు, కొత్తవాణ్ణి పుట్టించాలి. ముందు ఇది చెప్పు. పిప్‌ని తిన్నాక అది ఆగిందా?"

"లేదండీ," అంది లోర్నా. "వస్తూనే ఉంది."

నేనూ ట్రూడీ ఒక్కసారే, తలుపుకేసి జరపడానికి మా బొమ్మల మీద చెయ్యి వేశాం.