చాలు అన్న మాట

సాంచా నన్ను ఒక్కరోజు కూడా కొట్టలేదు. కానీ అది ఆగినప్పుడల్లా నాకు దెబ్బలు పడేవి. చేతిమగ్గాలు పోయి కరెంటు మగ్గాలు, అవే సాంచాలు, వస్తున్న కాలం అది. మరాఠీవాళ్ల ఊళ్లో, మా తెలుగువాళ్లుండే కుంఠా నాకాలో, మా ఇంటి ముందుగదిలో మా ఆయనా, వాళ్ల అన్నా కలిసి ఒకటి పెట్టుకున్నారు. కింద మోటారు, దాని చక్రం నుంచి సాంచా చక్రానికి తోలు పట్టా. ఆ పట్టా సాగి జారిందంటే నేత ఆగేది, మా ఆయన చెయ్యి లేచేది. పానా దొరికితే గోడకేసి కొట్టేవాడు, నేను దొరికితే నన్ను. వెనకగదిలో బీడీలు చుడుతూ నేను సాంచా చప్పుడే వింటూ ఉండేదాన్ని. అది నడిచినంతసేపూ నా వీపు నాది.

కొట్టేటప్పుడు నోరు తెరవొద్దని పెళ్లయిన కొత్తలోనే మా అత్త చెప్పింది. తెరిస్తే ఇంకో నాలుగు పడతాయట. నేను తెరవలేదు. లోపల మాత్రం ఆయన్ని ఎన్నిసార్లు చంపానో నాకే తెలియదు.

ఒకరోజు పొద్దున్నే పట్టా జారింది. నా పెదవి చిట్లింది. బీడీ ఆకు చాట బోర్లా పడి తంబాకు గదంతా చిమ్మింది. ఎప్పుడూ వచ్చే మన తెలుగు మిస్త్రీ ఊళ్లో లేడు. అందుకని మా బావ, అంటే మా ఆయన అన్న, అశోక్ చౌక్ నుంచి ఒక మరాఠీ మిస్త్రీని వెంటబెట్టుకొచ్చాడు. మెతక మనిషి. మా ఇంట్లో పని చేయడం అదే మొదలు.

సాగిన మేర పట్టా కోసి, రెండు కొసలూ ఇనప కొక్కేలతో కలిపాడు. ఇక మోటారును వెనక్కి జరిపి పట్టా బిగించాలి. మిస్త్రీ గోడ పక్కన స్విచ్చుకు అందేలా నిలబడి గడ్డపారతో మోటారును నెడుతున్నాడు. మా ఆయన చక్రం దగ్గర కూర్చుని పట్టా బిగువు చేత్తో చూస్తున్నాడు. మరాఠీలో తిడుతూనే ఉన్నాడు. మెల్లగా నెడితే ఒక తిట్టు, గట్టిగా నెడితే ఇంకొకటి. ఒకసారి గడ్డపార జారి ఆయన మోకాలికి తగిలింది. ఆయన పానా విసిరాడు, మిస్త్రీ నుదురు పగిలింది. అతను నెత్తురు మోచేత్తో తుడుచుకుని మళ్లీ నెట్టాడు. పట్టా బిగిసింది.

"చాలు!" అని అరిచాడు మా ఆయన.

వెంటనే స్విచ్చు పడింది. పట్టాకూ చక్రానికీ మధ్య ఆయన చెయ్యి ఇరుక్కుపోయింది. వెనకగది గుమ్మం నుంచి నేను పరుగెత్తుకొచ్చేసరికి మూడు వేళ్లు లేవు. నేసిన తెల్లబట్ట మీద నెత్తురు చిమ్మి ఉంది. మిస్త్రీయే స్విచ్చు ఆపాడు.

"కావాలనే చేసిండు! పానతోని కొట్టిండని పగవట్టి నా తమ్ముని చెయ్యి తీసిండు!" అని బావ కేక వేశాడు. సాంచాలో నూలు నాడెను అటూ ఇటూ కొట్టే కర్ర ఊడబీకి మిస్త్రీ మీద పడ్డాడు. పక్క ఇళ్లవాళ్లు ఉరికి వచ్చారు. ఎవరూ ఆపలేదు. ఇద్దరైతే అతన్ని పట్టుకున్నారు కూడా.

మా ఆయన స్పృహ తప్పి నా ఒడిలో ఉన్నాడు. ఆయన చేతికి నా కొంగు బిగించి కట్టాను. ఉన్నమాట చెబుతున్నాను, మొదటి దెబ్బలు నాకు హాయిగానే అనిపించాయి. ఎంతైనా పోయింది నా మొగుడి చెయ్యి. తర్వాత మిస్త్రీ నేల మీద పడ్డాడు. "మీ కాయ్ కేలం, మాలక్?" నేనేం చేశానని అడుగుతూనే ఉన్నాడు. బావ ఆపలేదు. ఎముక మీద కర్ర పడితే ఏ చప్పుడు వస్తుందో నాకు బాగా తెలుసు. ఈ మనిషిని చంపేస్తారని భయం వేసింది. ఆ ఇంట్లో మొదటిసారి నోరు తెరిచాను.

"చాలు బావా! చాలు!"

కింద పడి ఉన్న మిస్త్రీ తల ఎత్తాడు. ఒక కన్ను మూసుకుపోయింది. గోడ పట్టుకుని పాకుతూ, చెయ్యి స్విచ్చు మీద వేశాడు.

"చాలూ? ఆత్తా చాలూ కరూ, మాలక్?"

ఇప్పుడు నడిపించమంటారా అని అడుగుతున్నాడు. మరాఠీలో చాలూ అంటే నడిపించడం. బావ కర్ర పైనే ఆగిపోయింది. ఆ గదిలో ఉన్న మేమందరం పుట్టినప్పటి నుంచీ రెండు భాషలూ మాట్లాడేవాళ్లమే. తెలుగు మిస్త్రీతో చాలు అనేవాళ్లం, మరాఠీవాళ్లతో బస్ అనేవాళ్లం, ఎన్నడూ తడబడలేదు. కోపంలో మా ఆయన నోటికి ఇంటిమాట వచ్చింది.

"అయ్యో, నేనేం జేస్తి" అంటూ బావ కర్ర వదిలేసి కూలబడ్డాడు. ఇద్దరినీ ఒకే టాంగాలో దవాఖానాకు తీసుకుపోయారు. మిస్త్రీ బతికాడు. మా గల్లీకి మాత్రం మళ్లీ రాలేదు.

ఆ తర్వాత మా ఇంట్లో ఆ మాట ఎవరూ అనలేదు. అన్నం పెట్టేటప్పుడు కూడా బస్ అనేవాళ్లం. కుడిచెయ్యి పోయింది కదా, ఇక నాకు దెబ్బలు తప్పుతాయనుకున్నాను. ఎడమచెయ్యి నేర్చుకుంది.

ఎండాకాలంలో పట్టా మళ్లీ జారింది. చప్పుడు ఆగింది. ఆయన వెనకగదిలోకి వచ్చి ఎడమచెయ్యి ఎత్తాడు. నేను తల వంచలేదు.

"చాలు" అన్నాను.

అరవలేదు. విస్తరి ముందు కూర్చున్నవాళ్లు అన్నట్టే అన్నాను. ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఉండిపోయింది. రెండు వేళ్ల కుడిచెయ్యి దానంతటదే గుండెకు హత్తుకుపోయింది. ఆయన మొహం తెల్లబోయింది.

"ఆ మాట అనకే."

"మల్ల చెయ్యి లేస్తే మల్ల అంట."

నాకు జాలి కలగలేదు. సంతోషం కలిగింది. ఆయన చెయ్యి దించాడు.

ఆ పూట పట్టా నేనే బిగించాను. ఆయన స్విచ్చు దగ్గర నా నోటికేసి చూస్తూ, నేను చాలు అంటానో బస్ అంటానో అని నిలబడ్డాడు. నేను తొందరపడలేదు.