ఇంజను నూనెలో ఉప్పు

మొన్న పప్పుచారు పొంగి పొయ్యి మీద పడితే, నీలంగా మండుతున్న గ్యాసు మంట కాస్తా పసుప్పచ్చగా మారింది. మా కోడలు కంగారుపడుతుంటే, ఉప్పులో సోడియం ఉంటుంది తల్లీ, మంటలో పడితే దాని రంగే అంత, భయం లేదన్నాను. అన్నానే గాని, ఒకప్పుడు అదే సోడియం నా ప్రాణాలు తోడేసిన సంగతి గుర్తొచ్చింది.

ఎనభైల చివర్లో ఖరగ్‌పూర్‌లో, ఇంజన్లు బాగుచేసే రైల్వే షెడ్డు ల్యాబులో నా ఉద్యోగం. ఇంజను నూనెను కరెంటు నిప్పురవ్వల్లో మండిస్తే, అందులో కలిసిన ప్రతి మూలకమూ తనదైన రంగు వెలుగునిస్తుంది. ఆ వెలుగును విడదీసి కొలిస్తే ఏది ఎంతుందో తెలిసిపోతుంది. రాగి పెరిగితే బేరింగు అరుగుతోందని, సోడియం పెరిగితే ఇంజనును చల్లబరిచే నీళ్ళు నూనెలోకి కారుతున్నాయని లెక్క. మనకు రక్తపరీక్ష ఎలాగో ఇంజనుకు అదలాగన్నమాట.

నాన్న పోయాక నన్ను చదివించిన అన్నయ్య అదే షెడ్డులో ఫిట్టరు. అంతకుముందు అతను బాగుచేసిన ఇంజనొకటి దారిలో ఆగిపోవడంతో, ఇంకో తప్పు దొరికితే ఉద్యోగం ఉండదని పైవాళ్ళు గట్టిగా చెప్పి ఉన్నారు. అలాంటిది, అన్నయ్య స్వయంగా నీళ్ళు కారకుండా ఆపే సీళ్ళు మార్చిన ఇంజను నుంచి తనే పట్టి తెచ్చిన నూనెలో సోడియం ఆకాశానికంటింది. చెబితే అన్నయ్య పిల్లలు వీధిన పడతారు, దాస్తే ఇంజను ఎక్కడ చెడుతుందో తెలియదు. చివరికి గుండె రాయి చేసుకుని, మేమంతా దాదా అని పిలిచే మా ల్యాబు బెంగాలీ పెద్దాయనకు చూపించాను.

ఆయన నిదానంగా, బోరాన్ చూశావా అని అడిగారు. తుప్పు పట్టకుండా ఆ నీళ్ళలో సోడియం, బోరాన్ రెండూ ఉండే బోరాక్సు కలిపేవాళ్ళం కనుక, నీళ్ళే కారితే సోడియంతో పాటు బోరానూ పెరగాలి. చూద్దును కదా, అది ఎప్పటంతే ఉంది! మరి ఈ ఉప్పు ఎక్కడిదని అన్నయ్యను పిలిపిస్తే, పాపం బిక్కమొహం వేసుకుని నావైపు తిరిగాడు.

“షెడ్డు సీసా పగిలిపోనాది. మీ వదిన ఆవకాయ సీసా సుబ్బరంగా కడిగే తెచ్చినానే, ఏటయింది?”

ఖరగ్‌పూర్ గోల్‌బజార్‌లో తెలుగువాళ్ళ మధ్య పెరిగిన దాదాకు ఆవకాయ గురించి ఒకరు చెప్పాలా, పడీపడీ నవ్వారు. నవ్వినా, వేరే సీసాలో మళ్ళీ నూనె తెప్పించి పరీక్ష చేయించారు. ఈసారి సోడియం కుదురుగా ఉంది. నేను కొంగు బిగించి, షెడ్డు ఆ చివరిదాకా ఒకటే పరుగు. కబురు వినగానే అన్నయ్య ఉన్నచోటనే కూలబడి, నూనె చేతులతోనే కళ్ళు తుడుచుకున్నాడు.

“బతికినాను కదే సెల్లీ.”

అబ్బ, ఆ క్షణాన నా గుండెల మీంచి దిగిన బరువు ఇంతా అంతా కాదు. ఆవకాయ సంగతి మాత్రం వదిన చెవిన పడనివ్వొద్దని ఒట్టు వేయించుకున్నాడు.

ఆ తర్వాత ఏ మచ్చా లేకుండా రిటైరయి, ఆ ఊళ్ళోనే ఖరిదాలో ఇల్లు కట్టుకుని, చల్లగా బతికి వెళ్ళిపోయాడు. ఇప్పుడు ఏ పరీక్షయినా ఫలితం క్షణంలో ఫోనులోకి వచ్చేస్తుంది, మంచిదే. కాని మంచి కబురు పట్టుకుని ఎదురుగా పరిగెత్తుకెళ్ళి చెబుదామంటే, నాకు అన్నయ్య లేడు.